పెట్రోలును పంపులోకి నెట్టేదెవరు?



మా ఊళ్లో పాత కారును అద్దెకు తిప్పుకుని బతికే డ్రైవరొకాయన ఉండేవాడు. ఒక వేసవిలో ఆ కారుకు వింత జబ్బు పట్టుకుంది. కొంతదూరం చక్కగా నడిచేది. తరువాత గునిసి ఆగిపోయేది. అరగంట ఆగితే మళ్లీ కదిలేది. "పెట్రోలు పంపు పోయింది" అన్నారు. ఆయన అప్పుచేసి కొత్త పంపు వేయించాడు. మర్నాడే పెళ్లివారిని తీసుకువెళుతుండగా కారు మళ్లీ దారిలో ఆగిపోయింది! మరి లోపం ఎక్కడున్నట్లు?

ముందు పంపు పనిచేసే తీరు తెలుసుకుందాం. అంబాసిడర్ వంటి పాత కార్లలో పెట్రోలు టాంకు వెనుక, ఇంజను ముందు ఉంటాయి. ఇంజను పక్కన బిగించిన పంపులో డయాఫ్రం అనే పలుచని పొర ఉంటుంది. ఇంజను తిరిగేటప్పుడు ఒక మీట ఈ పొరను కిందికి లాగుతుంది. అప్పుడు పంపు గదిలో చోటు పెరిగి, పీడనం తగ్గుతుంది. టాంకులోని పెట్రోలుపై వాతావరణ పీడనం చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలోగ్రాము ఉంటుంది కదా! అదే పెట్రోలును పంపులోకి నెడుతుంది. ఆ తరువాత ఒక స్ప్రింగు పొరను పైకి తోసి, పెట్రోలును కార్బ్యురేటరుకు పంపుతుంది. రెండు కవాటాలు పెట్రోలు వెనక్కు పోకుండా కాపాడతాయి.

పంపు ఇచ్చే పీడనం చాలా స్వల్పం. సాధారణంగా చదరపు సెంటీమీటరుకు 0.1 నుంచి 0.4 కిలోగ్రాముల దాకా ఉంటుంది. దీన్ని పీడనమాపకంతో కొలవవచ్చు. పొర చిరిగినా, కవాటాలు సరిగా మూసుకోకపోయినా పీడనం తగ్గుతుంది. చిరిగిన పొర గుండా పెట్రోలు ఇంజను ఆయిల్లో కలిస్తే, ఆయిలు పెట్రోలు వాసన వేస్తుంది. పీడనం మరీ ఎక్కువైనా చిక్కే. కార్బ్యురేటరులోని సూది కవాటం దాన్ని ఆపలేక పెట్రోలు పొంగిపోతుంది.

కాని, కాసేపు ఆగితే తిరిగి నడిచే కారు సంగతి వేరు. దానికి ముఖ్యంగా రెండు కారణాలను అనుమానించాలి.

మొదటిది ఆవిరి అడ్డు. దీన్నే వేపర్ లాక్ అంటారు. పెట్రోలులో ఉండే పెంటేన్ 36 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే మరుగుతుంది. ఎండకు, ఇంజను వేడికి గొట్టంలో ఆవిరి బుడగలు ఏర్పడతాయి. పంపు ఆ ఆవిరిని నొక్కుతుందే గాని పెట్రోలును కదపలేదు. చల్లబడితే ఆవిరి మళ్లీ ద్రవమవుతుంది. అందుకే డ్రైవర్లు పంపుపై తడిగుడ్డ వేస్తారు.

రెండవది టాంకు మూత. పాత కార్లలో చాలావాటికి మూతలో సన్నని రంధ్రం ఉంటుంది. పెట్రోలు ఖర్చయ్యేకొద్దీ దాని గుండా గాలి లోపలికి పోవాలి. దుమ్ముతో అది పూడుకుపోతే టాంకులో పీడనం తగ్గుతుంది. ఇక పెట్రోలును నెట్టేదెవరు? కారు ఆగాక సందుల గుండా మెల్లగా గాలి చేరితే మళ్లీ నడుస్తుంది.

ఈ రెంటినీ వేరుచేసి గుర్తించడమెలా? ఒక ముసలి మెకానిక్ ఆ పని క్షణంలో చేశాడు. కారు ఆగినచోటనే టాంకు మూత విప్పాడు. "స్స్" మంటూ గాలి లోపలికి దూసుకుపోయింది. కారు వెంటనే స్టార్టయింది! గుండుసూదితో రంధ్రం శుభ్రం చేయడంతో జబ్బు కుదిరింది. పంపుకోసం చేసిన అప్పు మాత్రం మిగిలింది.

మీరూ చేసి చూడండి: పలుచని ప్లాస్టిక్ సీసాలో ముప్పాతిక వంతు నీరు పోయండి. మూతకు రంధ్రం చేసి, నీటిలో మునిగేలా స్ట్రా దూర్చి, చుట్టూ మైనంతో మూయండి. స్ట్రాతో నీరు పీల్చండి. కాసేపటికి సీసా సొట్టపడి, నీరు రావడం కష్టమవుతుంది. ఇప్పుడు నీటిమట్టానికి పైన సూదితో రంధ్రం చేసి పీల్చండి. తేడా మీకే తెలుస్తుంది.

హెచ్చరిక: ఈ ప్రయోగం నీటితోనే చేయాలి. పెట్రోలు ఆవిరికి చిన్న నిప్పురవ్వ చాలు. కారు పరీక్షలు మెకానిక్‌కే వదలండి.

ఒకే లక్షణానికి కారణాలు అనేకం ఉండవచ్చు. పరీక్షించకుండా నిర్ణయిస్తే జేబుకు చిల్లు తప్పదు.

ఆలోచించండి: ఎత్తైన కొండదారిలో ఆవిరి అడ్డు మరింత సులభంగా ఏర్పడుతుంది. ఎందువల్ల?