జీతం ఇనుము దగ్గర, మనసు మట్టి దగ్గర

ప్రశ్న: నాకు 25 ఏళ్లు. తాతల నాడే శ్రీకాకుళం నుంచి భిలాయి వచ్చాం. డిప్లొమా చేసి ప్లాంటులో కాంట్రాక్టు పని చేస్తున్నాను. మనసంతా విగ్రహాల తయారీ మీదే. నాన్నగారు ఉన్న పని వదలొద్దంటున్నారు. ఏం చెయ్యను?
– ఒక పాఠకుడు, పవర్ హౌస్

జవాబు: మిమ్మల్ని విసిగిస్తున్నది పనా, నైట్ షిఫ్టా, కాంట్రాక్టు ఎప్పుడు పోతుందోనన్న భయమా? ముందు అది తేల్చుకోండి. షిఫ్టు మారితే తీరిపోయే విసుగుకు ఉద్యోగం వదులుకోవద్దు.

ఇష్టం చేస్తూ ఉంటేనే ముదురుతుంది. కాబట్టి ఉద్యోగం ఉంచుకునే మొదలుపెట్టండి. మీ దుర్గ్ జిల్లా థనౌద్‌లో వినాయక విగ్రహాలు చేసే కుటుంబాలున్నాయి. చవితికి ముందు వీక్లీ ఆఫ్‌లన్నీ అక్కడే గడపండి. కళ్లు దిద్దడం ఎవరికైనా ఇష్టమే. మట్టి తొక్కడం, గడ్డి కట్టడం, ముసురులో ఆరని బొమ్మకు కాపలా, కమిటీవాళ్లతో బేరాలు... ఇవన్నీ అయ్యాక కూడా మళ్లీ వెళ్లాలనిపిస్తే ఆ ఇష్టాన్ని నమ్మండి. చిన్న విగ్రహమైనా సరే అమ్మి, ఖర్చూ రాబడీ రాసి నాన్నగారికి చూపండి. ఆయన భయం లెక్కలు చూస్తేనే తగ్గుతుంది.

దగ్గర్లోని గనియారీలో పుట్టిన తీజన్ బాయి భిలాయి స్టీల్ ప్లాంటు ఉద్యోగం చేస్తూనే పండవానీ (మహాభారత కథాగానం) పాడారు. 2019లో పద్మవిభూషణ్ అందుకున్నారు. పద్ధతిగా నేర్చుకోవాలంటే ఖైరాగఢ్‌లోని ఇందిరా కళా సంగీత విశ్వవిద్యాలయంలో శిల్పకళ నేర్పుతారు.

వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, మట్టి మీద కూడా ఆసక్తి పోయినా ఆలస్యం చేయకుండా డాక్టరును కలవండి, లేదా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి.