వేంబూరు గొర్రెలు

తమిళనాడులోని కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్ ప్రాంతాలలో నల్లరేగడి నేలలు విస్తారంగా ఉన్నాయి. ఈ నేలను తమిళంలో 'కరిసల్' అంటారు. ప్రత్తి, జొన్న, సజ్జ, మినుము ఇక్కడి పంటలు. వాన తక్కువ. కురిసేది కూడా ఎక్కువగా అక్టోబరు నుండి డిసెంబరు వరకే. పంట పోయిన ఏడు ఎన్నో కుటుంబాలను ఆదుకొనేది గొర్రెల మంద. కోతలయిన చేలలో రాత్రిపూట మంద పెట్టించుకొని, ఆ ఎరువుకు బదులుగా రైతులు కాపరులకు ధాన్యమో డబ్బో ఇస్తారు. ఆ మందను తమిళంలో 'కిడై' అంటారు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో తెలుగు కుటుంబంలో పుట్టిన తమిళ రచయిత కి. రాజనారాయణన్ (1923-2021) ఆ పేరుతోనే ఒక కథ వ్రాశారు.

ఈ ప్రాంతపు జాతి గొర్రెకు తూత్తుకుడి జిల్లాలోని వేంబూరు గ్రామం పేరు వచ్చింది. దీనిని 'కరందై' అని కూడా అంటారు. ఇది పొడగరి. తెల్లని ఒంటిమీద ఎర్రని, లేత గోధుమరంగు మచ్చలుంటాయి. చెవులు వ్రేలాడుతుంటాయి. పొట్టేళ్ళకు కొమ్ములుంటాయి, ఆడగొర్రెలకు ఉండవు.

పెరూ దేశపు కొండలలో అల్పాకాలకు సాధారణంగా ఏడాదికొకసారి ఉన్ని కత్తిరిస్తారు. దక్కను గొర్రెలకు రెండుసార్లు కత్తిరించి, ఆ ఉన్నితో గొంగళ్ళు నేస్తారు. వేంబూరు గొర్రెకు ఉన్ని లేదు, ఉన్నవి పొట్టి వెంట్రుకలే. నెల్లూరు గొర్రె కూడా ఇలాంటిదే. కాబట్టి ఇక్కడి కాపరికి కత్తెరతో పని లేదు. అతడు ఋతువును చూచి చేయవలసిన పెద్ద పని పొట్టేలును మందలో కలపడం.

గొర్రె చూడి కాలం ఐదు నెలలు. అల్పాకాకయితే పదకొండు నెలలకు పైమాటే! జూన్‌లో పొట్టేలును కలిపితే నవంబరు వానలలో పిల్లలు పుడతాయి. తడిసిన పిల్లలు చలికి, ఊపిరితిత్తుల జబ్బుకు తట్టుకోలేవు. ఆగస్టులో కలిపితే జనవరిలో ఈనుతాయి. అప్పటికి వానలు వెలిసి, తల్లులకు పచ్చిక దొరుకుతుంది. అయితే ఆగస్టులో బీళ్ళు ఎండి ఉంటాయి. బక్కచిక్కిన గొర్రె సరిగా ఎదకు రాదు. అందుకే రెండు మూడు వారాల ముందునుండి కాస్త తవుడు, చెక్క, దాచిన తుమ్మకాయలు పెట్టాలి. అంతవరకు పొట్టేలును విడిగా కట్టి మేపాలి. పాతిక, ముప్ఫై గొర్రెలకు ఒక పొట్టేలు చాలు.

అసలు చిక్కు పొట్టేలును ఎంచడంలో ఉంది. పండుగ ముందు వ్యాపారి వచ్చి, మందలో అన్నిటికంటే ఏపుగా ఎదిగిన పోతుపిల్లకే ఎక్కువ ధర చెబుతాడు. అప్పుతీర్చవలసిన కాపరి దానిని అమ్మివేస్తాడు. మిగిలిన నీరసపు పిల్లే మరుసటి ఏడు మందకు తండ్రి అవుతుంది. కొందరు తొందరగా బరువు పెరుగుతాయని వేరే జాతి పొట్టేళ్ళను తెచ్చి కలుపుతారు. ఈ రెండింటివల్లా అసలైన వేంబూరు గొర్రెలు తగ్గిపోతున్నాయి.

తెలిసిన కాపరి మంచి పోతుపిల్లను ముందే గుర్తుపెట్టి, ఎంత ధర చెప్పినా అమ్మడు. దాని తల్లి ఏటా ఈనిందా, పిల్లకు చాలినంత పాలిచ్చిందా అని కూడా చూస్తాడు. అలా ఎంచిన పొట్టేలును రెండేళ్ళే ఉంచుతాడు. దానికి పుట్టిన ఆడపిల్లలు ఎదకు వచ్చేలోగా దానిని దూరపు ఊరి కాపరికి ఇచ్చి, అతని మందలోని వేంబూరు పొట్టేలును తెచ్చుకుంటాడు.