బేత్లెహేము బావి నీళ్లు
(చిరకాలపు కోరిక చేతికి వచ్చినప్పుడు)

పాఠ్యభాగము: 2 సమూయేలు 23:13-17
కలిపి చదువవలసినవి: సామెతలు 13:12, ద్వితీయోపదేశకాండము 12:16, 1 తిమోతి 6:17



నెరవేరని కోరికలను గూర్చి మనము అనేక ప్రసంగములు వింటిమి. నెరవేరిన కోరికను గూర్చి తక్కువగా వింటిమి. ఎన్నో యేండ్లు ఎదురుచూచిన వస్తువు ఒకనాడు చేతికి వచ్చినయెడల విశ్వాసి దానితో ఏమి చేయవలెను? ఈ నెల పాఠము దానిని గూర్చినదే. మొదట నా సంగతి చెప్పి, తరువాత దావీదునొద్దకు వెళ్లుదము.

1989లో నాకు 9 ఏండ్లు. దుబాయి నుండి సెలవు మీద వచ్చిన మా వాడకట్టు మనిషి యొకడు రంగుల బొమ్మల పుస్తకము ఒకటి తెచ్చెను. అందులో ఒక కారు ఉండెను. జపాను దేశమందలి షిజువోకా పట్టణపు తమియా కంపెనీవారు 1984లో వెలువరించిన ‘హార్నెట్’, అనగా కందిరీగ, అను రేడియో కంట్రోలు కారు అది. నిజమైన బండిలో 10వ వంతు ప్రమాణము. తీగ లేదు, చేతిలోని పెట్టె నుండి రేడియో తరంగము పోయి దానిని నడుపును, త్రిప్పును, ఆపును. అది కూర్చి యిచ్చిన బొమ్మ కాదు. ముక్కలు ముక్కలుగా వచ్చును, కొన్నవాడే కూర్చుకొనవలెను. తెగిన చెప్పుల రబ్బరును గుండ్రముగా కోసి చక్రములు చేసికొని ఆడిన మాకు అది ఏలీయా రథమువలె తోచెను. ఆ పుటను అడిగి తీసికొని నా బైబిలులో దాచుకొంటిని.

మా తండ్రి గోదావరిఖనిలో భూగర్భ గనిలో కోల్ ఫిల్లరు. బొగ్గును ఎత్తి టబ్బులు నింపుట ఆయన పని. ఒక సాయంకాలము ఆ పుటను చూపి, కొనిపెట్టుమని అడిగితిని. ఆయన చాలసేపు చూచి, మడత చెడకుండ తిరిగి నా చేతికిచ్చెను. నేను కోపముతో, “నువ్వు మాకేం కొనిపెట్టినవ్?” అంటిని. ఆయన బదులు పలుకక, టిఫిను డబ్బా తీసికొని రాత్రి షిఫ్టుకు వెళ్లిపోయెను.

35 ఏండ్లకు పైగా గడిచెను. గల్ఫులో పనిచేయు నా తమ్ముడు సెలవు మీద వచ్చి, అదే కారు పెట్టెను నా ముందు పెట్టెను. ఆ కంపెనీవారు పాత నమూనానే 2004లో మరల వెలువరించిరి. “అన్నా, ఆ కాయితం నువ్వు బైబిల్ల దాసుకున్నవ్, నాకు యాదుంది” అనెను. కిట్టుతో రేడియో, బ్యాటరీ, చార్జరు రావు గనుక వాటిని వేరుగా కొనెను. ధర అడుగగా నవ్వి ఊరకుండెను. అన్నియు కలిసి 20,000 రూపాయలు దాటెననియు, అది ఎండలలో ఓవర్‌టైము చేసి కూడబెట్టిన సొమ్మనియు పిమ్మట మరదలు చెప్పెను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మొదట సంతోషముచేత, తరువాత వేరొక కారణముచేత.

1. కోరిక పాపము కాదు

దావీదు అదుల్లాము గుహలో ఉండెను. ఫిలిష్తీయుల దండు రెఫాయీము లోయలో దిగియుండెను. వారి కావలివారు బేత్లెహేములో ఉండిరి. అప్పుడు దావీదు తన ఊరి గవిని యొద్దనున్న బావి నీళ్లకై ఆశపడెను. గుహయొద్ద నీళ్లు లేవని వాక్యము చెప్పుట లేదు. గొర్రెలు కాచిన చిన్ననాడు త్రాగిన ఆ నీళ్లే ఆయనకు జ్ఞాపకము వచ్చియుండును. ఈ కోరికను వాక్యము తప్పుపట్టలేదు. ఆలస్యమైన ఆశ హృదయమును నొప్పించుననియు, నెరవేరినది జీవవృక్షమువంటిదనియు సామెతలు బోధించుచున్నవి.

“పాస్టరుగారు ఆటబొమ్మ నడుపుతున్నరని సంఘంల అనుకోరా?” అని నా భార్య అడిగెను. న్యాయమైన ప్రశ్నయే. 1 కొరింథీయులకు 13:11లో పౌలు బాల్యపు సంగతులు మానితినని చెప్పెను. అయితే అక్కడ ఆయన మాటలాడునది ఇప్పుడు మనకున్న కొద్దిపాటి జ్ఞానమును గూర్చియు, ఎన్నటికిని నిలుచు ప్రేమను గూర్చియు. తిమోతికి వ్రాసినప్పుడు అదే పౌలు, ధనమునందు నమ్మిక యుంచవద్దనియు, అనుభవించుటకు సమస్తమును దయచేయువాడు దేవుడే అనియు ఒకే వచనములో చెప్పెను. ఆ రెండు మాటలను విడదీయరాదు.

2. ధర ఎవరు చెల్లించిరి?

ముగ్గురు బలాఢ్యులు శత్రువుల దండును చీల్చుకొని పోయి నీళ్లు తెచ్చిరి. అదుల్లాము నుండి బేత్లెహేముకు ఇంచుమించు 20 కిలోమీటర్లు. దావీదు ఆ పాత్రలో నీళ్లను చూడలేదు. ప్రాణమునకు తెగించి వెళ్లినవారి రక్తమును చూచెను.

నేను ఆ పెట్టెలో తమ్ముని చెమటను చూచితిని. దాని వెనుక మరియొకని చూచితిని. మా తండ్రి ప్రతిదినము గని కప్పు క్రిందికి పోయి తిరిగి వచ్చెను. తెచ్చినవి బియ్యము, బడి ఫీజు, పండుగ బట్టలు. వాటిని నేను బేత్లెహేము నీళ్లని ఎన్నడును తలంచలేదు. ఆ కారు పుటను దాచుకొన్న బైబిలు కూడ ఆయన కొనిపెట్టినదే. ఆయన 2007లో ప్రభువునందు నిద్రించెను. ఆనాటి మాటకు నేను క్షమాపణ అడిగియుండలేదు.

3. పారబోయుట అనగా పారవేయుట కాదు

దావీదు ఆ నీళ్లను నేలమీద పోసినప్పుడు తెచ్చినవారు నొచ్చుకొనిరా? లేదు. తినుటకై వధించిన పశువు రక్తమును నీళ్లవలె భూమిమీద పోయవలెనని ధర్మశాస్త్రము విధించెను (ద్వితీయోపదేశకాండము 12:16). దావీదు వారిని గద్దింపలేదు, నీళ్లను తిప్పి పంపలేదు. తన గొంతు ఒక్కదానికి ఇది మించినదని యెంచి, యెహోవా సన్నిధిని పోసెను. దానికంటె గొప్ప సన్మానము వారికి లేదు.

నేను ఆ పెట్టెను అమ్మలేదు, అటక మీద దాచలేదు. సండేస్కూలు పిల్లలతో 11 సాయంకాలములు గుడి వరండాలో కూర్చుండి దానిని కూర్చితిని. చట్రముల నుండి ముక్కలు కోసితిమి, పండ్ల చక్రములకు గ్రీజు పూసితిమి. దాని పైతొడుగు గాజువలె తేటయైన ప్లాస్టిక్కు. రంగు లోపలివైపున వేయవలెను, అది బయటికి కనబడును. గిన్నె లోపలిభాగమును మొదట శుభ్రపరచుమన్న ప్రభువు మాట (మత్తయి 23:26) పిల్లలకు ఆనాడు తేటగా తెలిసెను. మొదట నడిపినప్పుడు కుడికి త్రిప్పిన ఎడమకు పోయెను! చేతి పెట్టె మీది చిన్న స్విచ్చును మార్చవలెనని ఒక చిన్న పిల్ల కనుగొనెను. ఆ పిమ్మట మొదటి పరుగు నా తమ్ముని చేత నడిపించితిని.

అతడు తిరిగి వెళ్లుటకు ముందు మేమిద్దరము తండ్రి సమాధి యొద్దకు పోతిమి. చెప్పవలసిన మాటను ఆలస్యముగానైనను అక్కడ దేవుని యెదుట చెప్పితిని. ఇప్పుడు కారు సండేస్కూలు బీరువాలో ఉన్నది. పిల్లలు వంతుల చొప్పున నడుపుదురు. రాత్రివేళ నేనొక్కడనే దానిని తీసి చూచుటయు కద్దు. దానికి సిగ్గుపడను.

ప్రియులారా, 1969లో ఆరంభమైన మన ఊరి సిమెంటు కర్మాగారములో గాని, గోదావరిఖని గనులలో గాని, ఎడారి దేశములో గాని ఎవరో ఒకరు షిఫ్టు చేయగా మన యింటికి నీళ్లు వచ్చుచున్నవి. పాత్రలోనికి చూచి త్రాగుడి. మరియొక మాట. మనుష్యుల ప్రాణము ధరగా గల నీళ్లను దావీదు త్రాగనొల్లడాయెను. అదే బేత్లెహేములో పుట్టిన మన రక్షకుడు తన రక్తమే ధరగా చెల్లించి, దప్పిగొనినవారిని వచ్చి త్రాగుడని తానే పిలుచుచున్నాడు (యోహాను 7:37). ఆ పాత్రను మాత్రము కాదనరాదు.

ధ్యానించుటకు ప్రశ్నలు

1. మీ చిన్ననాటి కోరికలలో నేటికిని మనస్సులో నిలిచినది ఏది? దానిని దేవునితో చెప్పితిరా?
2. ఈ దినము మీ యింటనున్న ఒక వస్తువును ఎంచుకొనుడి. దాని ధరను ఎవరు చెల్లించిరి?
3. బ్రదికియున్నవారిలో మీరు కృతజ్ఞత చెప్పవలసినవారెవరు? ఈ ఆదివారములోగా చెప్పుడి.

ప్రార్థన: ప్రభువా, మా కోరికలను ఎరిగిన తండ్రీ, నీవిచ్చిన మేలును సంతోషముతో అనుభవించుటకును, దానిని తెచ్చిన చేతులను మరువకుండుటకును మాకు కృప దయచేయుము. ఆమేన్.