మోటారు సైకిలు మీటరు నిజమే చెబుతుందా?

దూర ప్రయాణాలకు వాడే మోటారు సైకిలు ఒకటి ఉందనుకోండి. పాత బుల్లెట్ బండే అనుకుందాం. 1955 నుండి మద్రాసులో తయారవుతూ వచ్చిన బండి కాబట్టి మీలో చాలామందికి దాని శబ్దం కూడా తెలిసే ఉంటుంది. దాని వేగం మీటరు పాడయింది. అద్దం లోపల చెమ్మ పట్టింది, ముల్లు పైకి లేవదు. యజమాని కొత్త మీటరు కోసం విడిభాగాల దుకాణానికి వెళ్ళాడు. దుకాణదారు బల్లమీద పది రకాలు పరిచాడు. అన్నీ ఒకే సైజు, కేబులు బిగించే మర కూడా అన్నింటికీ ఒకటే. మెరుపూ ధరా చూసి ఒకటి ఎంచుకోవడమేనా? అలా కొన్న మీటరు బండికి చక్కగా అమరుతుంది, ముల్లు కూడా లేస్తుంది. కాని అది చెప్పేది అబద్ధం కావచ్చు. ఎందుకో తెలియాలంటే మీటరు లోపలికి తొంగి చూడాలి.

ముందు చక్రం దగ్గర చిన్న పళ్ళచక్రాల అమరిక ఉంటుంది. చక్రం తిరిగితే అది ఒక ఉక్కు కేబులును తిప్పుతుంది. కేబులు రెండో కొన మీటరులోని చిన్న అయస్కాంతానికి తగిలించి ఉంటుంది. అయస్కాంతం మీద బోర్లించినట్లు ఒక అల్యూమినియం గిన్నె, ఆ గిన్నె ఇరుసుకు ముల్లు ఉంటాయి. చిత్రమేమంటే, అయస్కాంతానికీ గిన్నెకూ మధ్య ఎక్కడా తాకిడి లేదు. పైగా అల్యూమినియాన్ని అయస్కాంతం ఆకర్షించదని మీకు తెలుసు. మరి ముల్లు ఎలా కదులుతుంది?

1824లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అరగో ఒక రాగి పళ్ళేన్ని తిప్పుతూ, దానిపైన వేలాడదీసిన అయస్కాంత సూచి కూడా దానివెంట తిరగడం గమనించాడు. కారణం 1831లో ఫారడే చెప్పాడు. అయస్కాంతానికీ లోహానికీ మధ్య సాపేక్ష చలనం ఉంటే లోహంలో విద్యుత్ ప్రవాహాలు పుడతాయి. నీటి సుడులవలె తిరిగే ఈ ప్రవాహాలు తమ అయస్కాంత క్షేత్రంతో లోహాన్ని అయస్కాంతం వెంట లాగుతాయి. మన మీటరులోనూ జరిగేది ఇదే. అయస్కాంతం ఎంత వేగంగా తిరిగితే గిన్నెమీద అంత బలంగా లాగుడు. గిన్నె గిర్రున తిరిగిపోకుండా గడియారంలో ఉండేలాంటి సన్నని స్ప్రింగు ఒకటి ఆపుతుంది. రెండు బలాలూ సరిపోయిన చోట ముల్లు నిలుస్తుంది. ఈ ఏర్పాటుకు జర్మన్ ఇంజనీరు ఒట్టో షుల్జ్ 1902లో పేటెంటు తీసుకున్నాడు. నూరేళ్ళు దాటినా అదే సూత్రంతో పనిచేసే మీటర్లు ఇంకా తిరుగుతున్నాయంటే ఆయన తెలివికి నమస్కరించవలసిందే!

తిరిగిన కిలోమీటర్లు చూపే అంకెల వరుస సంగతి వేరు. దానికి అయస్కాంతంతో పనిలేదు. కేబులే పళ్ళచక్రాల ద్వారా దాన్ని తిప్పుతుంది. ఈ తేడా తెలిస్తే కొనకముందే ఒక పరీక్ష చేయవచ్చు. కిలోమీటర్ల అంకెలు కదులుతూ ముల్లు మాత్రమే లేవకపోతే లోపం మీటరులోనే. రెండూ ఆగిపోతే ముందు కేబులునూ చక్రం దగ్గరి పళ్ళనూ చూడాలి. ముల్లు వణుకుతూ ఉంటే చాలాసార్లు కేబులుకు గ్రీజు లేకపోవడమో, అది ఎక్కడో మడత పడటమో కారణం. కేబులు ధర మీటరు ధరలో కొద్ది భాగమే కదా!

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. మీటరుకు తెలిసేది కేబులు ఎన్ని చుట్లు తిరిగిందన్నది ఒక్కటే. బండి ఎంత దూరం పోయిందో దానికి తెలియదు. ఒక మీటరు దూరానికి ఒక చుట్టు అనే లెక్కతో కొన్నింటిని తయారు చేస్తారు. జర్మనీ మీటర్ల ముఖం మీద అడుగున ‘డబ్ల్యు = 1.0’ అని సన్నగా ఉండేది దీని గుర్తే. పాత ఇంగ్లీషు మీటర్లమీద 1600 అని ఉంటే మైలుకు 1600 చుట్లని అర్థం. మైలుకు 1609 మీటర్లు కనుక ఇదీ దాదాపు అంతే. కాని జపాను మోటారు సైకిళ్ళ మీటర్లలో చాలావాటికి గంటకు 60 కి.మీ. వేగం వద్ద నిమిషానికి 1400 చుట్లు కావాలి. గంటకు 60 కి.మీ. అంటే నిమిషానికి 1000 మీటర్లు. అంటే మీటరు దూరానికి 1.4 చుట్లన్నమాట.

మన బండి కేబులు మీటరు దూరానికి 1 చుట్టు తిరిగేదయి, దానికి 1.4 చుట్ల మీటరు తగిలిస్తే ఏమవుతుంది? బండి 84 కి.మీ. వేగంతో పోతుంటే ముల్లు 60 దగ్గర నిలుస్తుంది. బ్రేకు వేసిన తర్వాత బండి ఆగే దూరం వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని చదువుకున్నారు. 1.4 వర్గం 1.96. నడిపేవాడు 60కి తగిన దూరం ఉంచుకుని నిశ్చింతగా ఉంటాడు, బండి ఆగడానికి రెండింతలు కావాలి. అందుకే మీటరు చూపే వేగం అసలు వేగం కన్నా ఎన్నడూ తక్కువ కాకూడదని ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనలలో 39వది చెబుతుంది. కొద్దిగా ఎక్కువ చూపితే మాత్రం ఒక హద్దు వరకు ఒప్పుకుంటుంది.

దూరం లెక్కా చెడుతుంది. మనాలి నుండి లేహ్ పోయే దారిలో తాండి వద్ద పెట్రోలు బంకు బోర్డు ఒకటి చాలాకాలం ప్రసిద్ధి: తరువాతి బంకు 365 కి.మీ. దూరంలో ఉందని. 14 లీటర్ల టాంకు, లీటరుకు 30 కి.మీ. చొప్పున 420 కి.మీ. రావాలి. పై తప్పు మీటరులో 300 అని కనిపించి ‘ఇంకా 120 ఉంది’ అనుకునే సమయానికి బండి సరిగ్గా 420 కి.మీ. తిరిగి, టాంకు ఎండిపోయి ఉంటుంది.

కాబట్టి కొనే ముందు కొలవాలి. కేబులును మీటరు వైపు విప్పి, లోపలి తీగ కొనకు కాగితపు జెండా ఒకటి అంటించండి. ముందు టైరు నేలను తాకే చోట సుద్దతో గీత పెట్టండి. నడిపే మనిషి కూర్చుని ఉండగా (బరువుకు టైరు కొంచెం అణుగుతుంది, ఆ తేడా కూడా లెక్కలోకి రావాలి) బండిని చక్రం సరిగ్గా 10 చుట్లు తిరిగేదాకా తోయండి. 3.25-19 టైరుకు ఈ దూరం సుమారు 20 మీటర్లు వస్తుంది. జెండా 20 చుట్లు తిరిగితే 1.0 మీటరు కావాలి. 28 తిరిగితే 1.4 మీటరు. ఈ పని పెద్దల సహాయంతో, వాహనాలు తిరగని చోట చేయాలి. అంకెల తెర ఉండే ఎలక్ట్రానిక్ మీటరయితే చక్రం చుట్టుకొలతను మిల్లీమీటర్లలో దానికే చెప్పవచ్చు. తప్పు చెబితే తప్పే చూపుతుంది.

పెట్రోలు మీటరు ఇంకా తమాషా. టాంకులోని తేలుడు బుడ్డి ఒక నిరోధాన్ని మారుస్తుంది. ఒక పద్ధతిలో ఖాళీ టాంకుకు 10 ఓమ్‌లు, నిండు టాంకుకు 180 ఓమ్‌లు. అమెరికా పద్ధతిలో ఖాళీకి 240, నిండుకు 33. ఒకదాని బుడ్డికి మరొకదాని మీటరు కలిపితే ఖాళీ టాంకు నిండుగా కనబడుతుంది!

పాత బుల్లెట్ల హెడ్‌లైటు డొప్ప మీద అమ్మీటరు ఉండేది. కొందరు దాన్ని తీసి వోల్టు మీటరు పెట్టుకోవాలనుకుంటారు. మంచి ఆలోచనే. ఇంజను తిరుగుతుండగా 14 వోల్టులకు దగ్గరగా చూపితే బ్యాటరీ నిండుతోందని తెలుస్తుంది. (బండి 6 వోల్టులదో, 12 వోల్టులదో ముందు చూడాలి.) కాని పాత రెండు తీగలనే కొత్త మీటరుకు బిగించకూడదు. అమ్మీటరు శ్రేణిలో ఉంటుంది, విద్యుత్తంతా దాని గుండానే పోతుంది. వోల్టు మీటరు నిరోధం 10,000 ఓమ్‌లనుకుంటే 12 వోల్టుల వద్ద 0.0012 ఆంపియరు మాత్రమే పారుతుంది. 60 వాట్ల హెడ్‌లైటుకు కావలసింది 5 ఆంపియర్లు! లైటు వెలగదు. తలకిందులుగా, అమ్మీటరును బ్యాటరీ రెండు కొనల మధ్య కలిపితే మరీ ప్రమాదం. దాని నిరోధం అత్యల్పం, తీగలు కాలి మంట పుడుతుంది, పక్కనే పెట్రోలు టాంకు. సరైన పద్ధతి ఏమంటే, అమ్మీటరు నుండి విప్పిన రెండు తీగలను ఒకదానితో ఒకటి కలిపి టేపు చుట్టాలి. వోల్టు మీటరును తాళంచెవి స్విచ్చి తర్వాతి తీగకూ బండి లోహానికీ మధ్య సమాంతరంగా, చిన్న ఫ్యూజుతో కలపాలి.

అన్నీ బిగించాక చివరి పరీక్షకు రోడ్డుమీది కిలోమీటరు రాళ్ళు చాలు. ముల్లును 60 దగ్గర నిలిపి నడుపుతుంటే వెనుక కూర్చున్నవారు రాయికీ రాయికీ మధ్య సెకన్లు లెక్కపెట్టాలి. 60 సెకన్లు వస్తే మీటరు సరైనదే. 43 వచ్చిందా? దుకాణానికి మళ్ళీ వెళ్ళవలసిందే.