వరుసలో ఒక ఖాళీ

బదిలీ ఉత్తర్వు వచ్చిందంటే మన ఇళ్లల్లో మూడు పనులు మొదలవుతాయి: సామాను కట్టడం, టీసీ తీసుకోవడం, కొత్త బడి ప్రార్థన వరుసలో మన చోటు వెతుక్కోవడం. అక్కడ అందరి మధ్యా చేయి చాపినంత దూరం ముందే కుదిరిపోయి ఉంటుంది. మనం చేరిన చోట మాత్రం వరుస కాస్త చెదురుతుంది. పిల్లలూ, ఆ చెదిరిన చోటును గుర్తుంచుకోండి. ఈ పాఠంలో దానితో పని ఉంది.

ముందుగా నెమలి ఈకను చూద్దాం. రాజస్థాన్‌లో పనిచేసిన రోజుల్లో మాకు బడి ఆవరణలోనే రాలిన ఈకలు దొరికేవి. ఈకను కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తే నీలం, ఆకుపచ్చ మాయమై గోధుమరంగు కనిపిస్తుంది. ఎందుకంటే ఈకలో నీలిరంగు పదార్థమేదీ లేదు. దాని పోగుల్లో మెలనిన్ అనే ముదురు పదార్థం సన్నని కడ్డీలుగా, సమాన దూరాల్లో పేర్చి ఉంటుంది. ఆ దూరాలు కాంతి తరంగదైర్ఘ్యంతో పోల్చదగినంత చిన్నవి. అందుకే కొన్ని రంగుల కాంతి లోపలికి పోలేక వెనక్కి వస్తుంది. దూరం మారితే రంగు మారుతుంది.

ఇలాంటి అమరికను ఫోటానిక్ స్ఫటికం అంటారు. పొరలు పొరలుగా పేర్చిన పదార్థంలో కాంతి ఎలా వెనుదిరుగుతుందో 1887లోనే లార్డ్ రేలీ వివరించాడు. సరిగ్గా నూరేళ్లకు, 1987లో, ఎలీ యబ్లొనోవిచ్, సజీవ్ జాన్ ఎవరికి వారుగా ఈ ఆలోచనను అన్ని దిక్కులకూ విస్తరించారు.

మన క్వార్టర్ల మెట్ల దగ్గర సిమెంటు జాలీ ఉంటుంది కదా! పలుచని సిలికాన్ రేకులో అలాంటి జాలీనే చేశారనుకుందాం. రంధ్రానికీ రంధ్రానికీ మధ్య దూరం సుమారు 420 నానోమీటర్లు. నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లవ వంతు. ఈ జాలీ కొన్ని తరంగదైర్ఘ్యాల కాంతిని పక్కలకు కదలనివ్వదు. ఇప్పుడు ఒక వరుసలో మూడు రంధ్రాలు చేయకుండా వదిలేస్తే అక్కడ చిన్న గది ఏర్పడుతుంది. ఆ గదికి సరిపడే కాంతి అందులోనే అటూ ఇటూ తిరుగుతుంది. దీనిని కాంతి కుహరం అంటారు. అయితే రేకు పలుచన గనుక పైకీ కిందికీ కొంత కాంతి కారిపోతుంది.

2003లో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో సుసుము నోడా బృందం ఒక చిన్న మార్పు చేసింది. గదికి రెండు కొసల్లో ఉన్న రంధ్రాలను కాస్త బయటికి జరిపింది. గోడ ఒక్కసారిగా అడ్డుపడకుండా మెల్లగా మొదలవడంతో కారిపోయే కాంతి బాగా తగ్గింది. కాంతి నిలకడను తెలిపే నాణ్యతా గుణకం 45,000కు చేరింది. అంటే కాంతి అందులో నిలిచేది సెకనులో లక్ష కోట్లవ వంతులు సుమారు 37 మాత్రమే. అయినా ఆ లోపు బయటి కాంతి ఒక సెంటీమీటరు దాటిపోతుంది!

దీనితో రెండు ఉపయోగాలు. మొదటిది జల్లెడ పని. ఆప్టికల్ ఫైబరులో ఒకేసారి ఎన్నో తరంగదైర్ఘ్యాల కాంతి వస్తుంది. కుహరం తనకు సరిపడేదానిని మాత్రమే వేరుచేసి తీసుకుంటుంది. రెండోది పసిగట్టే పని. గాలి వక్రీభవన గుణకం దాదాపు 1, నీటిది 1.33. రంధ్రాల్లో గాలి పోయి నీరు చేరితే కుహరపు తరంగదైర్ఘ్యం పెరుగుతుంది. ఒక ప్రొటీనును మాత్రమే పట్టుకునే పూతను ముందుగా పూసి ఉంచితే, అది వచ్చి అంటుకున్నప్పుడు కూడా తరంగదైర్ఘ్యం కొద్దిగా జరుగుతుంది. కాంతి ఎంత ఎక్కువసేపు నిలిస్తే, అంత చిన్న మార్పునూ మనం గుర్తించగలం.

ఖాళీ లేకపోతే ఆ జాలీ కాంతిని తిప్పికొట్టడమే చేస్తుంది. చుట్టూ వరుసలు లేకపోతే ఆ ఖాళీలో కాంతి నిలవదు. రెండూ ఉండాలి. మొదటి రోజు వరుసలో ఎక్కడ నిలబడాలో తెలియక దిక్కులు చూసిన అనుభవం మనందరికీ ఉంది. ఈసారి మీ బడికి కొత్త నేస్తం వచ్చినప్పుడు, రెండు పక్కలా ఉన్నవాళ్లు కాస్త జరగండి.

చేసి చూడండి: రాలిన నెమలి ఈక దొరికితే దానిని వెలుతురులో మెల్లగా వంచుతూ, తర్వాత వెలుతురుకు అడ్డంగా పట్టి చూడండి. ఏ కోణంలో ఏ రంగు కనిపించిందో నోటుపుస్తకంలో రాయండి.