భోజనం ముగిసేలోగా బ్యాటరీ

హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లే రహదారి పక్క కొన్ని హోటళ్ల ఆవరణలో విద్యుత్ కార్లకు ఛార్జింగు పెట్టే యంత్రాలు మీరు చూసే ఉంటారు. వాటికి హోటలుతో పనేమిటి? లెక్క వేసి చూద్దాం.

కారు బ్యాటరీలో 40 యూనిట్ల విద్యుత్తు పడుతుందనుకోండి. ఇంట్లోని 15 ఆంపియర్ల ప్లగ్గు 230 వోల్టుల వద్ద సుమారు మూడున్నర కిలోవాట్లే ఇవ్వగలదు. అంటే ఖాళీ బ్యాటరీ నిండడానికి దాదాపు 12 గంటలు! హోటలు వద్ద 50 కిలోవాట్ల యంత్రం ఉంటే, 20 శాతం నుంచి 80 శాతానికి కావలసిన 24 యూనిట్లు సుమారు అరగంటలో ఎక్కుతాయి. తీగల్లో వచ్చే ఏకాంతర విద్యుత్తును ఆ యంత్రమే ఏకముఖ విద్యుత్తుగా మార్చి, తిన్నగా బ్యాటరీకి పంపుతుంది.

అయితే 80 శాతం దాటాక వేగం తగ్గుతుందేం? యంత్రం చెడిపోయిందని కొందరు విసుక్కుంటారు, పాపం! ఛార్జింగులో లిథియం అయానులు గ్రాఫైటు పొరల మధ్య చోటు చేసుకోవాలి. ఖాళీ బస్సులో సీటు వెంటనే దొరుకుతుంది. నిండేకొద్దీ వెతుక్కోవాలి కదా! బలవంతంగా తోస్తే అయానులు లోపలికి పోలేక పైనే లోహంగా పేరుకుంటాయి. బ్యాటరీ సామర్థ్యం తగ్గిపోతుంది. లోపల షార్టు సర్క్యూట్ అయ్యే ప్రమాదమూ ఉంది. అందుకే కారులోని నియంత్రణ వ్యవస్థ తానే ప్రవాహాన్ని తగ్గించమంటుంది. వెనక మరో కారు కాచుకొని ఉంటే, 80 వద్ద ప్లగ్గు తీయడమే ఇద్దరికీ లాభం.

హోటలు యజమాని చిక్కు వేరు. ఒక ఏసీకి ఒకటిన్నర కిలోవాట్లనుకుంటే, 50 కిలోవాట్ల యంత్రాలు రెండు ఒకేసారి పనిచేసినప్పుడు ఎన్ని ఏసీల భారమో మీరే కట్టి చూడండి.