బండి తిరిగిన కిలోమీటర్లు – పన్ను లెక్కలో వాటి స్థానం

పంపుసెట్లు బాగుచేసే మెకానిక్‌కు, ఇళ్లలో వైరింగు చేసే ఎలక్ట్రీషియన్‌కు, ఊరూరా ఎరువులు సరఫరా చేసే డీలరుకు మోటారు సైకిలు కూడా ఒక పనిముట్టే. అయితే అదే బండిపై పిల్లలను బడికి చేరుస్తారు, పెళ్లిళ్లకు వెళ్తారు. ఏడాది చివర అందులో వ్యాపారపు తిరుగుడు ఎంతో చూపలేనివారు న్యాయంగా రావలసిన మినహాయింపును కోల్పోతారు.

చట్టం ఏమి చెబుతున్నది?

మన దేశంలో స్వయం ఉపాధి పొందేవారికి కిలోమీటరుకు ఇంత అనే నిర్ణీత రేటు లేదు. వాస్తవంగా అయిన ఖర్చులో వ్యాపారపు వంతును మాత్రమే ఆదాయం నుండి తగ్గించుకోవాలి. బండి పూర్తిగా వ్యాపారానికే వాడనప్పుడు మరమ్మతులు, బీమా, తరుగుదలలో సబబైన వంతును అసెసింగ్ అధికారి నిర్ణయిస్తారని 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 38(2) సెక్షన్ తెలిపింది. 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా వచ్చిన 2025 చట్టంలో సెక్షన్ల సంఖ్యలు మారినా ఈ సూత్రం మారలేదు. మీ వద్ద వ్రాతపూర్వకమైన లెక్క లేకపోతే ఆ వంతు అధికారి అంచనాకే వదిలివేసినట్లవుతుంది.

బ్యాంకు ఋణంపై బండి కొన్నవారు ఒక విషయం గమనించాలి. నెలవారీ వాయిదా మొత్తం ఖర్చు కాదు. అందులోని వడ్డీలో వ్యాపారపు వంతు మాత్రమే ఖర్చు. అసలు తీర్చినది ఖర్చు కిందికి రాదు. బండి విలువకు తరుగుదల రూపంలో మినహాయింపు లభిస్తుంది. సొంత వ్యాపారానికి వాడే మోటారు సైకిలుకు ఇది తగ్గుతూ వచ్చే విలువపై ఏటా 15 శాతం.

ఒక ఉదాహరణ

ఒక మెకానిక్ బండి మీటరు ఏప్రిల్ 1న 18,400, మరుసటి మార్చి 31న 30,400 చూపిందనుకుందాం. మొత్తం తిరుగుడు 12,000 కిలోమీటర్లు. పుస్తకం ప్రకారం అందులో వ్యాపారానికి తిరిగినది 9,000, అనగా 75 శాతం.

పెట్రోలు: రూ. 26,000
మరమ్మతులు: రూ. 6,000
బీమా: రూ. 2,000
ఋణంపై వడ్డీ: రూ. 6,000
తరుగుదల (రూ. 60,000పై 15 శాతం): రూ. 9,000
మొత్తం: రూ. 49,000

ఇందులో 75 శాతం, అనగా రూ. 36,750 వ్యాపార ఖర్చు. పుస్తకం లేక సగమే అంగీకరించబడితే దక్కేది రూ. 24,500. తేడా రూ. 12,250.

ఈ లెక్క మరొక సంగతి కూడా చెబుతుంది. ఈ బండికి కిలోమీటరుకు నాలుగు రూపాయలకు పైగా ఖర్చవుతున్నది. ఇరవై కిలోమీటర్ల దూరంలోని ఊరికి వెళ్లి వస్తే రూ. 160 పైమాటే. రాకపోకలకు రూ. 100 మాత్రమే తీసుకునే మెకానిక్ మిగిలినది తన కూలి నుండి పెట్టుకుంటున్నాడన్నమాట. పన్ను పడని స్వల్ప ఆదాయం గలవారికి సైతం పుస్తకం ఇందుకు ఉపకరిస్తుంది.

పుస్తకం వ్రాసే విధానం

ఒక సాధారణ నోటుపుస్తకం చాలు. తేదీ, వెళ్లిన ఊరు, ఎవరి పని, ఏ పని, బయలుదేరినప్పటి మీటరు, తిరిగి వచ్చినప్పటి మీటరు – ఈ ఆరు గడులు గీయండి. ఏ రోజు ప్రయాణం ఆ రోజే వ్రాయండి. మార్చి నెలలో ఒకే సిరాతో, ఒకే బిగిన నింపిన పుస్తకాన్ని ఎవరూ నమ్మరు. పెట్రోలు, మరమ్మతు రసీదులను నెలవారీగా కట్టలు కట్టి ఉంచండి. ఒకే రోజు ఒకే వ్యక్తికి రూ. 10,000 మించి నగదుగా చెల్లించిన ఖర్చుకు సాధారణంగా మినహాయింపు రాదు. అటువంటి చెల్లింపు బ్యాంకు ద్వారా చేయండి.

సొంత పొలానికి వెళ్లి వచ్చిన దూరాన్ని వ్యాపారంలో కలపరాదు. వ్యవసాయ ఆదాయంపై ఆదాయపు పన్ను లేదు గనుక, దాని ఖర్చు ఇక్కడ చెల్లదు. ఇంటి నుండి దుకాణానికి వెళ్లే దూరాన్ని సొంత ప్రయాణంగా చూపడమే క్షేమం.

ఎవరికి వర్తించదు?

టర్నోవరులో 8 శాతాన్ని, బ్యాంకు లేదా డిజిటల్ పద్ధతిలో వచ్చిన మొత్తంపై 6 శాతాన్ని ఆదాయంగా చూపే అంచనా పద్ధతిని ఎంచుకున్నవారు బండి ఖర్చును విడిగా కోరరాదు. అన్ని ఖర్చులూ అందులోనే ఇమిడి ఉన్నట్లు చట్టం భావిస్తుంది. కమీషన్‌పై, ఏజెన్సీపై వ్యాపారం చేసేవారికి ఈ పద్ధతి లేదు. కావున అటువంటి డీలర్లకు ప్రయాణాల పుస్తకం మరింత అవసరం.

ఈ రోజు బండి నిలిపిన వెంటనే మీటరు చూసి మొదటి అంకె వ్రాయండి. ఏడాది చివర మీ తరఫున సాక్ష్యం పలికేది ఆ పుస్తకమే.